తక్కువ ధర వైన్ మంచిదో కాదో తేల్చుకోవాలంటే, అది ఏం దాస్తోందో చూడండి

కొన్ని నెలలుగా మీరు తక్కువ ధరలో దొరికే రెడ్, వైట్ వైన్‌లు కొని రుచి చూస్తున్నారు. వైట్ అన్నీ పుల్లగా, రెడ్ అన్నీ వగరుగా ఉన్నాయి తప్ప ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియడం లేదు. పక్కవాళ్లు చెర్రీ వాసన అంటారు, వెనీలా అంటారు, మీకు మాత్రం వైన్ వాసనే వస్తోంది. ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి, లోపం నా నాలుకలోనే ఉందా అని అడిగారు. నేను 18 ఏళ్లుగా టోకు కొనుగోలుదారుల కోసం వైన్‌లు రుచి చూసి, ఏది తీసుకోవచ్చో ఏది వద్దో చెప్పే పనిలో ఉన్నాను. నా చేతుల మీదుగా వెళ్లిన వాటిలో ఎక్కువ భాగం ఈ మామూలు ధర సీసాలే. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు నాలుక సంగతి. మీ నాలుకకి ఏ లోపమూ లేదు. మీరు పులుపు, వగరు అని రెండు మాటలు వాడారు చూడండి, వైన్‌కి వెన్నెముక ఆ రెండే. ఇంగ్లిష్‌లో నేర్చుకునేవాళ్లు మొదటి ఏడాదంతా వగరునీ చేదునీ కలిపేసి తికమకపడటం నేను చాలాసార్లు చూశాను. మనకి ఆ ఇబ్బంది లేదు. ఆరు రుచుల్లో చేదు వేరు, వగరు వేరు అని చిన్నప్పుడే తెలుసు. వైన్‌లో టానిన్ అని గొప్పగా చెప్పేది ఈ వగరునే. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో, కాడల్లో ఉంటుంది. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు, వైట్‌కి ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారు. అందుకే రెడ్ వగరుగా ఉంటుంది, వైట్ ఉండదు. పులుపు మాత్రం రెండింటిలోనూ ఉంటుంది, వైట్‌లో దానికి అడ్డు లేదు కాబట్టి ముందుకొచ్చి కనిపిస్తుంది.

వాసనల విషయంలోనూ బెంగపడకండి. షిరాజ్ అనే రెడ్ వైన్‌లో మిరియాల వాసన ఇచ్చే రోటండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో గుర్తించారు. ఆ పరీక్షల్లో తేలిందేమిటంటే, దాదాపు ఐదుగురిలో ఒకరికి దాని వాసన అసలు తెలియదు. వాళ్లకి ముక్కు బాగానే పనిచేస్తుంది, ఆ ఒక్క పదార్థానికి మాత్రం స్పందించదు. కాబట్టి పక్కవాడికి మిరియాలు తగిలి మీకు తగలకపోతే ఎవరూ తప్పు కాదు. పైగా పండ్ల పేర్లు చెప్పడం వైన్‌ను వర్ణించడం, అంచనా వేయడం కాదు. ఒక వైన్‌లో ఏడు రకాల పండ్లు వెతికి చెప్పి, అది పాడైపోయిందని మాత్రం గమనించనివాళ్లని చూశాను.

ఇప్పుడు అసలు విషయం. ఖరీదైన వైన్‌ని అడగాల్సిన ప్రశ్న వేరు, చవక వైన్‌ని అడగాల్సిన ప్రశ్న వేరు. పదేళ్లు నిలవుంటుందా, పొరలు పొరలుగా రుచులు విప్పుతుందా అని తక్కువ ధర సీసాని అడగడం న్యాయం కాదు. దాన్ని అడగాల్సింది ఒక్కటే: నువ్వు ఏం దాస్తున్నావు? ద్రాక్ష బాగా పండకపోయినా, తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ కాపు తీసినా, పని హడావుడిగా చేసినా రసం పల్చగా, ముడి పులుపుతో, పచ్చి వగరుతో వస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి మూడు తేలిక దారులున్నాయి: చల్లదనం, తీపి, కలప వాసన. ఈ మూడు ముసుగులూ తీసి చూడటం నేర్చుకుంటే మీ పనిలో ముప్పాతిక భాగం అయిపోయినట్టే.

చల్లదనంతో మొదలుపెడతాను, ఎందుకంటే నేను గట్టిగా దెబ్బ తిన్నది అక్కడే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఒక అమ్మకందారు వైట్ వైన్ శాంపిల్ తెచ్చాడు. మంచులో పెట్టిన సీసా, గ్లాసు పట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. తాగితే శుభ్రంగా, హాయిగా ఉంది. సరే అన్నాను. సరుకు దిగాక ఒక సీసా మామూలు చల్లదనంలో తెరిచాం. తడిసిన కాగితం లాంటి వాసన, పల్చటి రసం, చివర్లో చేదు. శాంపిల్ వేరు, సరుకు వేరు అనుకుని ఆ శాంపిల్ సీసాలో మిగిలినది తీసి గది వేడికి వచ్చేదాకా ఉంచి చూశాను. అదే వాసన, అదే చేదు. మోసం ఏమీ జరగలేదు, నేనే చల్లదనాన్ని రుచి చూసి వైన్‌ని చూశాననుకున్నాను. ఆ రోజు నుంచి ఏ వైట్ వైన్‌నీ ఒకే ఉష్ణోగ్రతలో చూసి తీర్పు చెప్పలేదు.

ఫ్రిజ్ లోపల సుమారు 4 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. వైట్‌కి అది మరీ ఎక్కువ చలి. తాగడానికి 8 నుంచి 12 డిగ్రీలు బాగుంటుంది, అంటే తీసిన 15, 20 నిమిషాల తర్వాత పోసుకోవాలి. అంచనా వేయడానికైతే ఇంకా కొంచెం ఎక్కువే మంచిది. నా పద్ధతి ఇది: ఒక గ్లాసు చల్లగా ఉన్నప్పుడు కొద్దిగా రుచి చూసి పక్కన పెట్టేస్తాను. అరగంట తర్వాత అదే గ్లాసు మళ్లీ వాసన చూస్తాను. మంచి వైట్ వైన్ వేడెక్కేకొద్దీ వాసన పెరుగుతుంది, పండు గుణం ముందుకొస్తుంది. బలహీనమైనదైతే పులుపు ఒకవైపు, ఆల్కహాల్ మంట ఒకవైపు విడిపోయి, మధ్యలో ఖాళీ కనిపిస్తుంది.

రెడ్ విషయంలో సమస్య తలకిందులు. రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి అనే మాట, ఇళ్లన్నీ చల్లగా ఉండే పాత రోజుల యూరప్ నుంచి వచ్చింది. ఆ గది 16 నుంచి 18 డిగ్రీలు. 28 డిగ్రీల్లో పోసిన రెడ్ ఎంత మంచిదైనా స్పిరిట్ వాసన కొడుతుంది, ముద్దగా, నీరసంగా అనిపిస్తుంది. తాగే ముందు 20, 30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. మీరు ఇప్పటిదాకా బాగోలేదని పక్కన పెట్టిన రెడ్‌లలో ఒకటి రెండు కేవలం వేడి వల్లే అలా అనిపించి ఉండొచ్చు. కానీ మరీ చల్లబరిస్తే వగరు రెట్టింపవుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక తీపి. ఇది చాలామందికి తెలియకుండా జరిగే మోసం. పులియడం పూర్తయ్యాక వైన్‌లో మిగిలిపోయిన, లేదా ద్రాక్ష రసం సాంద్రం చేసి తిరిగి కలిపిన చక్కెర లీటరుకి ఇన్ని గ్రాములు అని లెక్కిస్తారు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో లీటరుకి 4 గ్రాముల లోపు ఉంటే డ్రై, అంటే తీపి లేనిది, అనొచ్చు. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఆ మాట వాడొచ్చు. భారీ ఎత్తున అమ్ముడయ్యే కొన్ని రెడ్‌లలో 10 గ్రాములకి పైనే ఉంటుంది. 750 మి.లీ. సీసాకి లెక్క వేస్తే దాదాపు రెండు చెంచాల చక్కెర. నోటికి తీపిగా అనిపించదు, నున్నగా అనిపిస్తుంది. అదే కిటుకు.

మాటల్లో చెబితే నమ్మకం కుదరదు కాబట్టి ఇంట్లో ఇది చేసి చూడండి. బాగా డ్రైగా, కాస్త వగరుగా ఉన్న రెడ్ ఒకటి తీసుకుని మూడు గ్లాసుల్లో 100 మి.లీ. చొప్పున పోయండి. మొదటిదాన్ని ముట్టుకోవద్దు. రెండోదాంట్లో అర గ్రాము పంచదార, మూడోదాంట్లో ఒక గ్రాము వేయండి. టీ చెంచాడు పంచదార సుమారు 4 గ్రాములు, అంటే ఒక గ్రాముకి పావు చెంచా. పూర్తిగా కరిగేదాకా కలిపి, ఐదు నిమిషాలు ఆగి, మొదటి గ్లాసు నుంచి వరసగా రుచి చూడండి. రెండోదాంట్లో వగరు మూలలు అరిగినట్టు ఉంటుంది. మూడోది నోట్లో పట్టులా జారుతుంది, పండు వాసన కూడా ఎక్కువైనట్టు భ్రమ కలుగుతుంది. ఇప్పుడు తొందరపడకుండా, మూడోది మింగి లేదా ఉమ్మేసి పది సెకన్లు ఆగండి. నాలుక మీద ఒక జిగురు పొర మిగులుతుంది, నోరు శుభ్రపడదు. మొదటిది గరుకుగా ఉన్నా నోట్లో నీళ్లూరించి వదిలేస్తుంది. ఆ జిగురుని ఒక్కసారి గుర్తుపట్టారంటే, 'స్మూత్' అని లేబుల్ మీద రాసిన సీసాల్లో సగం మీకు వేరేగా కనిపిస్తాయి.

తీపి తప్పని నేను అనడం లేదు. కొంచెం తీపితో చేసే రీస్లింగ్ అనే వైట్ నాకు చాలా ఇష్టం, కానీ అక్కడ తీపికి సరిపడా పదునైన పులుపు ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టి నిలబెడతాయి. చక్కెరని లోపం కప్పడానికి వాడినప్పుడు ఆ పొంతన ఉండదు. తేడా అదే.

మూడో ముసుగు కలప. ఓక్ పీపాలో ఉంచిన వైన్‌కి వెనీలా, కొబ్బరి, లవంగం లాంటి వాసనలు వస్తాయి, అవి కలపలోని పదార్థాలే. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పద్ధతి పీపా 225 లీటర్లు, అంటే సరిగ్గా 300 సీసాలు. కొత్త పీపా ఖరీదైన వస్తువు, దాని ధరని 300 సీసాలకి పంచితే చవక సీసా అన్నది చవకగా మిగలదు. అందుకే ఈ ధరలో వెనీలా వాసన గుప్పుమంటే అది సాధారణంగా ట్యాంకులో వేసిన ఓక్ ముక్కలు, పలకల పుణ్యం. యూరోపియన్ యూనియన్ ఈ ముక్కల వాడకాన్ని 2006లో అనుమతించింది, అంతకు ముందే వేరే ఖండాల్లో మామూలైపోయింది. చట్టవిరుద్ధమేమీ కాదు, నేర్పుగా వాడితే బాగానే ఉంటుంది కూడా. కానీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే పండు కంటే ముందు వెనీలా వచ్చి, మింగాక రంపపు పొట్టు నమిలినట్టు చేదు మిగిలితే ఆ సీసాని పక్కన పెట్టేయండి. ఈ ధరల్లో ఓక్ ముట్టని వైన్‌కే నా ఓటు. దాచుకోవడానికి ఏమీ లేని వైన్‌లో ద్రాక్ష ఎలా ఉందో తేటగా తెలుస్తుంది.

రుచి చూసే క్రమం చెబుతాను. గ్లాసు పైభాగం ముడుచుకుని, పొట్ట వెడల్పుగా ఉండాలి. 1977లో అంతర్జాతీయ ప్రమాణంగా నిర్ణయించిన టేస్టింగ్ గ్లాసు చిన్నదే, మొత్తం 215 మి.లీ. పడుతుంది, అందులో 50 మి.లీ. మాత్రమే పోస్తారు. ఖాళీ ఉంటేనే వాసన కూడుతుంది. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి రంగు చూడండి, ఎక్కువసేపు అక్కర్లేదు. ఈమధ్యే చేసిన వైట్ గోధుమ రంగులోకి తిరిగినా, కుర్ర రెడ్ అంచున ఇటుక రంగు కనిపించినా గాలి తగిలి పాడైందని అనుమానించాలి. గ్లాసు గోడల మీద జారే చారల్ని చూసి మురిసిపోతుంటారు, అవి ఆల్కహాల్ వల్ల ఏర్పడేవి, నాణ్యతకి సంబంధం లేదు. అడుగున గాజుముక్కల్లా మెరిసే స్ఫటికాలు కనిపిస్తే కంగారుపడొద్దు, అది టార్టారిక్ ఆమ్లపు లవణం, హాని చేయదు.

రంగు దగ్గర ఇంకో మాట. 2001లో ఫ్రాన్స్‌కి చెందిన మోరో, బ్రోషే, దుబూర్దియూ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దానికి రెడ్ వైన్‌కి వాడే మాటలే వాడారు. కళ్లు ముక్కుకి ముందే తీర్పు చెప్పేస్తాయన్నమాట. అందుకే నేను వాసన చూసేటప్పుడు కళ్లు మూసుకుంటాను. చిన్న అలవాటే కానీ చాలా సాయపడుతుంది.

గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. మొదటి ప్రశ్న ఏ పండు అని కాదు, శుభ్రంగా ఉందా అని. కుళ్లిన గుడ్డు, ఆర్పిన అగ్గిపుల్ల వాసన వస్తే అది గంధకపు వాసన. గ్లాసుని గట్టిగా తిప్పి పది నిమిషాలు వదిలేస్తే చాలాసార్లు పోతుంది, పోతే క్షమించేయండి. వెనిగర్, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన పోదు. కోసి వదిలేసిన ఆపిల్ వాసన గాలి దెబ్బ. ఉడికిన పండ్ల వాసన వచ్చి, కార్క్ కూడా కొంచెం పైకి తోసుకొచ్చి ఉంటే సీసా ఎక్కడో ఎండలోనో వేడి గిడ్డంగిలోనో మగ్గింది. పారదర్శకమైన సీసాలో వైట్ వైన్ వెలుతురులో ఉంటే ఉడికిన క్యాబేజీ లాంటి వాసన వస్తుంది, అందుకే దుకాణంలో దీపం కింద నిలబెట్టిన తెల్ల సీసాని నేను ముట్టుకోను.

వీటన్నిటికంటే దొంగ దెబ్బ కార్క్‌ది. కార్క్ నుంచి వైన్‌లోకి చేరే ఆ పదార్థం పేరు 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్, క్లుప్తంగా టీసీఏ. స్విట్జర్లాండ్‌కి చెందిన హాన్స్ టానర్ బృందం 1981లో కార్క్ చెడు వాసనకి దీన్ని కారణంగా గుర్తించింది. లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా చాలు ముక్కుకి దొరికిపోతుంది. బాగా ఉంటే తడిసిన అట్టపెట్టె, ముక్కిపోయిన గుడ్డ వాసన కొడుతుంది, ఎవరైనా పడతారు. కొంచెమే ఉన్నప్పుడే ప్రమాదం. చెడు వాసన రాదు, మంచి వాసన మాయమవుతుంది. ఒకసారి గార్నాచా అనే ద్రాక్షతో చేసిన ఒక రెడ్‌ని 'చప్పగా ఉంది, పండు లేదు' అని రాసి కొట్టేశాను. మా బృందంలో పెద్దాయన ఒకరు, ఈ ద్రాక్ష ఇంత మూగగా ఉండదు, ఇంకో సీసా తెరవండి అన్నారు. రెండో సీసా మూత తీయగానే ఎర్ర పండ్ల వాసన బల్ల చివరిదాకా వచ్చింది. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, మొదటిదాంట్లో ఎవరో దుప్పటి కప్పినట్టుంది. ఒక మంచి రైతు కష్టాన్ని ఒక్క కార్క్ ముక్క వల్ల కొట్టేయబోయాను. అప్పటి నుంచి కారణం తెలియకుండా చప్పగా ఉన్న ఏ వైన్‌నీ రెండో సీసా చూడకుండా తిరస్కరించను. స్క్రూ మూత ఉన్న సీసాల్లో ఈ తంటా దాదాపు లేదు. ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ రీస్లింగ్ తయారీదారులు 2000లో కలిసికట్టుగా స్క్రూ మూతకి మారడానికి ముఖ్య కారణం ఇదే. స్క్రూ మూత చూసి నాసిరకం అనుకోవద్దు. తక్కువ ధర వైట్‌లో నేనైతే ముందు దాన్నే ఎంచుకుంటాను.

వాసన శుభ్రంగా ఉంటే అప్పుడు రుచి. ఒక గుక్క తీసుకుని, పెదాలు కొంచెం తెరిచి గాలి పీలుస్తూ నోరంతా తిప్పండి. చప్పుడవుతుంది, సిగ్గుపడొద్దు. తర్వాత ఉమ్మేయండి. వరసగా ఎనిమిది వైన్‌లు చూడాలంటే మింగకూడదు. మూడోదాని తర్వాత తల చెప్పే తీర్పుకి విలువ ఉండదు. ఉమ్మిన తర్వాత తల కొంచెం దించి, దవడల పక్కన నీళ్లూరుతున్నాయా చూడండి. ఎంత ఊరితే అంత పులుపు. ఊరుతూ హాయిగా ఉంటే మంచి పులుపు, పళ్లు జివ్వుమని గొంతు పట్టేస్తే విడిగా నిలబడిన పులుపు. వగరుకి చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు చూడండి. పాలు లేని చిక్కటి టీ గుర్తుచేసుకోండి, మూడు నిమిషాలు నానినదానికీ పది నిమిషాలు నానినదానికీ తేడా తెలుసు కదా. వైన్‌లో పండిన వగరు మెత్తటి ఇసుకలా నోరంతా సమంగా పరుచుకుంటుంది. పచ్చి వగరు ఒకేచోట పట్టుకుని, వెనకాలే చేదు తెస్తుంది. ఆల్కహాల్ ఎక్కువైతే గొంతులో వేడి. సీసా మీద 14.5 శాతం అని ఉన్నా వేడి తెలియకపోతే మిగతావన్నీ దాన్ని మోయగలుగుతున్నాయని అర్థం.

ఉమ్మిన క్షణం నుంచి మనసులో లెక్కపెట్టండి. పండు రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో ఫ్రెంచ్‌వాళ్లు 'కోదాలీ' అనే కొలతలో చెబుతారు, ఒక సెకనుకి ఒకటి. ఈ ధరలో ఐదు లోపు మామూలు, పదికి దగ్గరైతే నేను తలెత్తి సీసా వైపు చూస్తాను. కానీ ఎంతసేపు ఉందన్నదానికంటే ఏది మిగిలిందన్నది ముఖ్యం. పండు ముందు పోయి చేదో, మంటో, జిగురో మిగిలితే ఇరవై లెక్కపెట్టినా దండగే.

మార్కుల గురించి కూడా అడిగారు. వంద మార్కుల పద్ధతి 1970ల చివర్లో అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ వల్ల ప్రాచుర్యంలోకి వచ్చింది. అందులో వైన్‌కి ఊరికే 50 ఇచ్చి మొదలుపెడతారు. ఆ అంకెల మీద మీరు మరీ ఆధారపడొద్దు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోని వైన్‌ని వాళ్లకి తెలియకుండా మూడుసార్లు ఇచ్చి చూశారు. రాబర్ట్ హాడ్జ్‌సన్ 2008లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేసినవాళ్లు సుమారు పది శాతమే. ఇది చదివినప్పుడు నేను మా బృందంలో నా మీదే పరీక్ష పెట్టించుకున్నాను. ఒకే వైన్‌కి 20కి ఒకసారి 15, గంట తర్వాత 12 వేశాను. కారణం వెతికితే, రెండోసారి దానికి ముందు గ్లాసులో బాగా వగరున్న కాబెర్నే అనే రెడ్ ఉంది. లాలాజలంలోని ప్రోటీన్లతో టానిన్ కలిసిపోవడం వల్ల వగరు పేరుకుంటూ పోతుంది, దాని తర్వాత వచ్చిన మెత్తటి వైన్ నీళ్లలా అనిపించింది. అందుకని వైట్‌లు ముందు, రెడ్‌లు తర్వాత, రెడ్‌లలో వగరు తక్కువవి ముందు. మధ్యలో నీళ్లు, రెండు నిమిషాల విరామం.

ఒక్కదాన్ని ఒంటరిగా రుచి చూసి నేర్చుకోవడం చాలా కష్టం. ఎప్పుడూ రెండు పక్కపక్కన పెట్టుకోండి, ఎవరిచేతైనా సీసాలకి కాగితం చుట్టించండి. ధర తెలిస్తే మనసు ఊరుకోదు. 2008లోనే వెలువడిన ఇంకో అధ్యయనంలో, పేరు దాచి చేసిన ఆరు వేలకి పైగా రుచి పరీక్షల్లో మామూలు జనం ఖరీదైనవాటిని ఎక్కువ ఇష్టపడలేదు, కొంచెం తక్కువే ఇష్టపడ్డారు. శిక్షణ ఉన్నవాళ్లలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. కాస్త కష్టంగా ఉండే పరీక్ష కావాలంటే మూడు గ్లాసులు పెట్టించుకోండి, రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోగలిగితేనే మీరు రాసుకునే వర్ణనకి విలువ. నేను ఇప్పటికీ వారానికోసారి చేస్తాను, ఇప్పటికీ తప్పుతుంటాను.

ఏ రకాలతో మొదలుపెట్టాలన్నది నా సొంత అభిప్రాయం. వైట్‌లో దక్షిణాఫ్రికా షెనాన్ బ్లాంక్, ఫ్రాన్స్ లువార్ నది చివరి ప్రాంతపు మస్కదే, పోర్చుగల్ విన్యో వెర్దే. వీటిలో మామూలు సీసాల్ని చాలావరకు ఓక్ లేకుండా, తాజాగా తాగడానికే చేస్తారు. సీసా మీద సంవత్సరం చూసి, దొరికినవాటిలో కొత్తదే తీసుకోండి. చవక వైట్ నిలవుంటే బాగుపడదు. రెడ్‌లో స్పెయిన్ గార్నాచా, అర్జెంటీనా మెండోసా మాల్బెక్, ఫ్రాన్స్ కోత్ ద్యు రోన్. చిలీ కార్మెనేర్ కూడా చూడండి. ఆ ద్రాక్షని మెర్లో అనే వేరే రకం అనుకుని ఏళ్ల తరబడి పెంచారు, 1994లో గానీ అసలు పేరు బయటపడలేదు. బాగా పండకపోతే పచ్చి క్యాప్సికమ్ వాసన కొడుతుంది కాబట్టి, పండిన రుచికీ పచ్చి రుచికీ తేడా నేర్చుకోవడానికి మంచి పాఠం. పినో న్వార్ అనే ద్రాక్షతో చేసిన చవక రెడ్ జోలికి మాత్రం ప్రస్తుతానికి వెళ్లొద్దు. ఆ ద్రాక్షది పల్చటి తొక్క, చల్లటి ప్రాంతం కావాలి, కాపు ఎక్కువ తీస్తే రుచి పోతుంది. తక్కువ ధరలో దాన్ని బాగా చేయడం చాలా కష్టం. బరువైన సీసా, అడుగున లోతైన గుంట, బంగారు లేబుల్ చూసి మాత్రం ఎంచుకోవద్దు. ఆ డబ్బు గాజుకి, అట్టకి పోయినట్టే.

చివరగా నేను ఎప్పుడూ వదలని పరీక్ష ఒకటుంది, మరుసటి రోజుది. సీసా తెరిచిన వెంటనే, ఎవరికీ పోయక ముందే, శుభ్రమైన చిన్న సీసాలోకి 250 మి.లీ. తీసి, మూతి దాకా నింపి, గట్టిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. రెడ్ అయినా సరే. పెద్ద సీసాలో అడుగున ఒక గ్లాసంత వదిలేసి, మూత పెట్టి దాన్నీ ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు సాయంత్రం రెండింటినీ సరైన ఉష్ణోగ్రతకి తెచ్చి పక్కపక్కన వాసన చూడండి. నిండుగా పెట్టినది నాలుగైదు రోజులైనా దాదాపు అలాగే ఉంటుంది, తర్వాత కొనే సీసాతో పోల్చుకోవడానికి పనికొస్తుంది. గాలి తగిలిన గ్లాసులో మాత్రం ముసుగులు రాలిపోతాయి. కలప ముక్కల వాసన విడిగా తేలుతుంది, జిగురు తీపి ముందుకొస్తుంది, పల్చటి వైన్ నీళ్లయిపోతుంది. గట్టిగా ఉన్న వైన్ అయితే వగరు కొంచెం మెత్తబడి నిన్నటికంటే బాగుంటుంది. మీరు బాగోలేదని తీసేసిన రెడ్‌లలో ఏదైనా ఇంకో సీసా మిగిలి ఉంటే, దానికి ముందు ఈ పరీక్ష పెట్టి, రెండు రోజులూ ఏమనిపించిందో రాసి పంపండి. అది చూసి మీకు వగరు ఎంతవరకు ఇష్టమో, తర్వాత ఏ ద్రాక్ష వైపు వెళ్లాలో చెబుతాను.